ఒకటే మౌస్, ఇరవై ఏడు బోర్లు

నవ్వండి, నవ్వండి. ఈ కథలో నవ్వాల్సింది నన్ను చూసేనని ముందే చెప్పేస్తున్నాను. నవ్వడం అయ్యాక మాత్రం ఒక్క నిజం చెప్పండి. మీలో ఎవరి మాట ఇంట్లో చెల్లుతోంది?

నా మాట చెల్లే చోటు ఒకటుండేది. ఊరి పేరు హనుమేష్‌పురం, నా పేరే పెట్టుకున్నాను. జనాభా మూడు వందల పన్నెండు. ఊరి పక్కన ఏరు, ఏటి పక్కన గోధుమ చేలు, గొర్రెల దొడ్డి, ధాన్యపు కొట్టు, గంట స్తంభం, అన్నీ ఉండేవి. నేను కట్టమంటే కట్టేవాళ్లు, పడగొట్టమంటే పడగొట్టేవాళ్లు. ఎందుకని అడిగిన పాపాన పోయినవాడు లేడు. ఆ ఊరెక్కడుందంటారా? కర్నూల్లో మా ఇంటి నడిమి గదిలో, కంప్యూటర్లో ఉంది.

పగలంతా నేను ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాను. ఇన్నేళ్లలో నేను పారించిన నీళ్లన్నీ కాగితాల మీదే పారాయి. సాయంత్రం ఇంటికొచ్చి ఈ ఆట ముందు కూర్చున్నానంటే గ్రామపెద్దను. ఇది ఒక్కరే ఆడే ఆట. ఊరంతటికీ ఒకే పెద్ద, ఆ పెద్ద చేతిలో ఒకే మౌస్. జనాభా ఐదు వందలకు చేరిన రోజున ఊరివాళ్లంతా కలిసి నడి ఊళ్లో ఆ పెద్దకు రాతి విగ్రహం పెడతారు.

పద్నాలుగు నెలలుగా నేను ఎదురు చూస్తున్నది ఆ విగ్రహం కోసమే. నడి ఊళ్లో జాగా ఖాళీగా ఉంచి, చుట్టూ కంచె కూడా వేయించాను. ఇంట్లో నా ఫొటో గోడకు తగిలించమంటేనే మేకు లేదంటారు. అక్కడ రాతి విగ్రహం!

ఇక మా ఆవిడ శివకుమారి. ఆలూరు దగ్గరి పల్లె పిల్ల. ఆమె గొంతు విప్పితే మా వీధిలో కుక్కలు కూడా తప్పు చేసినట్టు తల దించుకుంటాయి.

"ఏమప్పా, సిలిండర్ మార్చమని గంట నుంచి మొత్తుకుంటాండా. ఇనపడల్యా?"

"ఒక్క నిమిషం శివా, ఊళ్లో గొర్రెలు ఈనుతాండాయి."

"కానుపు నువ్వు చేస్తాండావా?"

"దగ్గరుండి సూసుకోవాల గదా!"

"నాకు కానుపైన పొద్దు నువ్వు ఆస్పత్రి క్యాంటీన్లో దోసె తింటాంటివి. గొర్రెలకు మాత్రం దగ్గరుంటావు."

లేచి వెళ్లి సిలిండర్ మార్చాను. చివరికొక రోజు తేల్చి చెప్పేసింది. "ఆదివారం వరకు సూస్తా. ఆ పొద్దు కూడా నువ్వు ఆ డబ్బా ముందరే కూచుంటే, ఆ డబ్బా మా వీరభద్ర ఇంటికి పోతాది." వీరభద్ర ఆమె తమ్ముడు. ఆ కంప్యూటర్ మీద వాడికి మా పెళ్లయినప్పటి నుంచీ కన్నుంది.

ఈ గోడంతా ఆఫీసులో నవీన్ దగ్గర వెళ్లబోసుకున్నాను. నవీన్ మా పక్క సీటు. కంప్యూటర్లకు ఏ రోగమొచ్చినా అతనే డాక్టరు.

"అన్నా, వదినకు కోపం నువ్వు ఆడుతాండావని కాదు, ఒక్కడివే ఆడుతాండావని. ఆమెకూ భాగమియ్యి."

"ఇది ఒక్కరాడే ఆటప్పా. ఇద్దరికి చోటు లేదు."

"దానికో మందుండాది. నీ కంప్యూటర్ తెర నెట్ మీద ఇంకొకరి ఫోన్‌కు పోతాది. వాళ్లు ఫోన్ మీద ఏలు పెడితే నీ మౌస్ కదులుతాది. ఎంతమందన్నా రావచ్చు. ఆట మాత్రం ఒక్కరే అనుకుంటాది."

నా బుర్రలో దీపం వెలిగింది. మా దిక్కున ఆడవాళ్లకు రిజర్వైన పంచాయతీలు మీకు తెలియనివా? సర్పంచమ్మ పొయ్యి కాడ ఉంటుంది, ఆమె మొగుడు కుర్చీలో ఉంటాడు. శివకుమారి చిన్నమ్మ ఐదేళ్లు సర్పంచి. పంచాయతీ ఆఫీసుకు ఎన్ని కిటికీలో ఆమెకు ఈనాటికీ తెలియదు. సంతకాలు, సభలు, పూలదండలు, అన్నీ చిన్నాయనవే. అదే పద్ధతి నా ఊళ్లోనూ పెడితే సరిపోయె. పదవి ఆమెది, పెత్తనం నాది, విగ్రహం నాది.

ఆ సాయంత్రమే శుభవార్త చెప్పాను.

"శివా, ఈపొద్దు నుంచి నువ్వే సర్పంచి."

"యాడ?"

"హనుమేష్‌పురంలో."

"జీతమెంత?"

"జీతం యాడిది? గౌరవం!"

"ఈడ వంటకాడ ఇచ్చేదే ఆడా ఇస్తారన్నమాట."

"నువ్వు ఊరికే కూచుంటే చాలు. ఏం చేయాల్నో నేను చెప్తాంటా, నువ్వు నొక్కుతాండు."

"మా చిన్నమ్మ మాదిరా?"

"ఛ, ఛ! అట్లేం కాదు" అన్నాను. ఆమె నా వంక ఒక్క చూపు చూసింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, కుర్చీ లాక్కుని, మౌస్ పట్టుకుంది.

మర్నాడు ఆఫీసులో ఉప్మా తింటూ, నవీన్ పెట్టిచ్చిన ఏర్పాటుతో ఫోన్‌లో నా ఊరు చూసుకుంటున్నాను. ఇంటి నుంచి ఫోన్ వచ్చింది.

"ఏమప్పా, ఈ ఆడోళ్లు పొద్దన్నుంచి ఏటికి పోతాండారు, వస్తాండారు, పోతాండారు, వస్తాండారు. ఊళ్లో నీళ్లు లేవా?"

"అది ఆట శివా. వాళ్లకు నొప్పులుండవు."

"నడుములు ఎవురివైనా నడుములే. పద్నాలుగు నెలలు ఏం చేస్తాంటివి?"

"ధాన్యపు కొట్టు కట్టినా."

"ఇంకా?"

"గంట స్తంభం."

"గంట కొడితే నీళ్లొస్తాయా? ఇంకా?"

"విగ్రహానికి జాగా..."

"ఫోన్ పెట్టెయ్."

పెట్టేసింది. తెర మీద చూద్దును కదా, బాణం గుర్తు చేతిబోరు బొమ్మను పట్టుకుని నేరుగా నా విగ్రహం జాగా వైపు వస్తోంది! ఉప్మా పక్కన పెట్టి ఫోన్ మీద వేలుతో ఇటు లాగాను. ఇంటి దగ్గర ఆమె అటు లాగింది. ఉన్నది ఒకటే మౌస్. ఒకటే బాణం. అది ఊరి మధ్యలో గజగజ వణికిపోయింది. పనివాళ్లు పారలు పట్టుకుని అటు పది అడుగులు, ఇటు పది అడుగులు తిరుగుతున్నారు. ఆ పెనుగులాటలో ఎవరి వేలు ఎక్కడ తగిలిందో, గ్రామపెద్ద ఇంటి వాకిట్లో పందుల దొడ్డి వెలిసింది. నా వాకిట్లో!

బోరు మాత్రం ధాన్యపు కొట్టు పక్కన పడింది. పడీ పడగానే నీళ్లు చిమ్మాయి. విగ్రహం జాగా ఆ పూటకు దక్కిందని ఊపిరి పీల్చుకున్నాను.

అసలు కథ అప్పుడు మొదలైంది. బోరులో నీళ్లు పడిన ఆ సంతోషం పట్టలేక శివకుమారి ఆట తెర కనబడే లింకును పుట్టింటి ఊళ్లో ఉన్న వీరభద్ర ఫోన్‌కు పంపింది, వాళ్ల నాయనకు చూపించమని.

మా మామ కంబన్నకు ఆలూరు దగ్గర ఐదెకరాల మెట్ట చేనుంది. దాంట్లో ఏడు బోర్లు వేయించాడు. ఏడింటిలోనూ దుమ్మే లేచింది. ఏడోది పోయాక ఆ ఇంట్లో బోరు అనే మాట ఎవరూ ఎత్తరు. పండక్కి పిలిస్తే వస్తాడు, తింటాడు, ఆకాశం చూస్తాడు, పోతాడు. అలాంటి మనిషి మా పెళ్లయిన పదకొండేళ్లలో మొదటిసారి నాకు ఫోన్ చేశాడు.

"అల్లుడూ, ఎన్నడుగుల్లో పడినాయప్పా?"

"అడుగులు ఉండవు మామా. నొక్కితే పడతాయి."

"యాడ నొక్కినా?"

"యాడ నొక్కినా."

"అట్లనొద్దప్పా. పాయింటు సూడకుండా ఎవురన్నా బోరేస్తారా?" అన్నాడు.

ఆ సాయంత్రం మా మామ పాయింటు చూసేవాణ్ణి పిలిపించాడు. ఆయన టెంకాయ నారాయణప్ప. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టి చేనంతా తిరుగుతాడు. కింద నీళ్లున్న చోట టెంకాయ లేచి నిలబడుతుంది. ముప్పై ఏళ్ల అనుభవం. మా మామ ఏడు బోర్లకూ పాయింట్లు పెట్టింది ఆ టెంకాయే.

కానీ ఆరంగుళాల ఫోన్ మీద మనిషి తిరగడమెట్లా? అందుకూ వాళ్లే ఉపాయం కనిపెట్టారు. వీరభద్ర ఫోన్‌ను మంచం మీద పెట్టి వేలుతో ఊరిని మెల్లగా జరిపాడు. నారాయణప్ప టెంకాయ పట్టుకుని పైన కదలకుండా నిలబడ్డాడు. మనిషి ఆగి, ఊరే ఆయన కింద నడుచుకుంటూ పోయింది.

"నిలబడె! ఈడ! నొక్కు వీరభద్రా!"

నొక్కారు. నీళ్లు! ఇంకో చోట టెంకాయ లేచింది. నీళ్లు! మూడో చోటా నీళ్లే! నారాయణప్ప టెంకాయను గుండెకు హత్తుకుని, "సూస్తివా కంబన్నా, నా చెయ్యి మంచిదే! ఇన్నాళ్లూ మన నేలదే తప్పు" అని కళ్లు తుడుచుకున్నాడట.

వారం తిరక్కుండా బోర్లు ఇరవై ఆరయ్యాయి. ఆ వీధి వీధంతా మంచం చుట్టూ చేరింది. మా అత్త సుంకులమ్మ పడిన ప్రతి బోరుకూ పసుపు, కుంకుమ పెట్టింది. ఫోన్ అద్దం తుడవలేక వీరభద్ర లబోదిబోమన్నాడు. చేలో ఉన్నది గోధుమని నేను ఎంత చెప్పినా మా మామ వినలేదు. "అది కొర్ర. నాకు తెల్దా?" అన్నాడు.

వీరభద్ర ఒక వీడియో పంపాడు. బోరులోంచి నీళ్లు దూకుతుంటే మా మామ మంచం మీద కూర్చుని చప్పట్లు కొడుతున్నాడు, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. ఆయన నవ్వగా చూడటం నాకు అదే మొదలు. నాకూ సంతోషం వేసింది, అబద్ధమెందుకు చెప్పాలి? దానికి తోడు నీళ్లున్న ఊరని జనం మూటాముల్లె సర్దుకుని హనుమేష్‌పురానికి రావడం మొదలెట్టారు. మూడు వందల యాభై. నాలుగు వందల పది. నాలుగు వందల తొంభై మూడు!

శనివారం ఇరవై ఏడో బోరు పడింది. సరిగ్గా నా విగ్రహం జాగాలో. టెంకాయ మిగతా చోట్ల లేస్తే అక్కడ ఏకంగా గిర్రున తిరిగిందట.

"శివా, ఆ ఒక్క బోరు పక్కకు జరుపుదామా? నడి ఊళ్లో జాగా లేకపోతే విగ్రహం ఊరి బయట పెడతారంట."

"నీళ్లు పడిన బోరు తీసేయాల్నా? ఈ మాట మా నాయన ముందర అను, సూస్తా. రేపు పొద్దున బస్సుకు వస్తాండారు."

"ఎందుకంట?"

"రేపటికి ఐదు వందలైతాది గదా. విగ్రహం పెట్టేది పెద్ద తెర మీద సూడాలంట."

మామగారి ఎదుట నా విగ్రహావిష్కరణ! అదీ ఊరి బయట, పెంటదిబ్బ పక్కన! ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఆదివారం పొద్దున ఆమె బస్టాండుకు బయల్దేరింది. నేను తలుపు వేసి, నెట్టు తీగ పీకేశాను. ఇక ఎవరి వేళ్లూ రావు. ఊరికి మళ్లీ నేనొక్కణ్ణే పెద్ద.

చేతిబోరు బొమ్మ మీద నొక్కి, తీసేయమన్నాను. ఆట ఇంగ్లీషులో ఏదో పొడుగాటి ప్రశ్న అడిగింది. వాళ్లు వచ్చేస్తారన్న తొందరలో చదవకుండానే అవునని నొక్కేశాను. అన్నీ తీసేయమంటావా అని అడిగిందట.

ఇరవై ఏడు బోర్లు. ఒక్క నొక్కు. ఇంత దుమ్ము లేచింది.

వెనక్కి పోదామంటే ఆట అప్పటికే భద్రంగా దాచేసుకుంది. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో గ్రామపెద్ద ఇంటి ముందుకు వచ్చి, పందుల మధ్యలో నిలబడ్డారు. నాలుగు వందల డెబ్బై. నాలుగు వందల ఇరవై. మూటలు లేస్తున్నాయి. "ఉండండప్పా! ఇన్నాళ్లూ ఏటికి పోలేదా, ఇంకొక్క పూట పోండి!" అని తెరను బతిమాలాను. బోరు నీళ్లు మరిగిన వాళ్లు ఏటికి పోతారా? కొత్త బోరు వేద్దామంటే తవ్వడానికి మనుషులు కావాలి. తవ్వే మనుషులే ముందు పోతున్నారు. నేను చెమటలు కక్కుతుండగా తలుపు చప్పుడైంది.

ఇస్త్రీ పంచెలో మా మామ, చేతిలో బంతిపూల దండ. ఓళిగల డబ్బాతో, అదే బొబ్బట్లతో, మా అత్త. తువ్వాలులో చుట్టిన టెంకాయతో నారాయణప్ప. వెనక శివకుమారి. తెర మీద జనాభా రెండు వందల పదకొండు.

మా మామ తెర దగ్గరికి వెళ్లి, కళ్లు చికిలించి అటూ ఇటూ చూశాడు. "నీళ్లు యాడ పోయినాయప్పా?"

నా నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా? "కరువొచ్చింది మామా."

శివకుమారి నేల మీద పడున్న తీగను చూసింది, నన్ను చూసింది. "కరువొచ్చి నెట్టు తీగ పీకిందా?"

ఇక దాచి లాభం లేదు. విగ్రహం సంగతి, జాగా సంగతి, అంతా కక్కేశాను. ఎవరూ తిట్టలేదు. మా మామ దండ ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూలబడ్డాడు. తన చేలో పోయిన ఏడూ, నా చేతిలో పోయిన ఇరవై ఏడూ కలిపి ఆయన ముఖంలో కనిపించాయి. నా బతుకులో అంత సిగ్గుపడ్డది లేదు. ఒక రాతి బొమ్మ కోసం ఆ మనిషి నవ్వు చెరిపేశానే అనిపించింది.

కాసేపటికి ఆయనే లేచాడు. "బోర్లు పోతే మళ్లా ఏసుకునేది మనకేమన్నా కొత్తనా? నారాయణా, టెంకాయ తియ్యి. అమ్మీ, నువ్వు కూచో."

శివకుమారి కుర్చీలో కూర్చుని మొదట ధాన్యపు కొట్టు తలుపులు బార్లా తెరిచింది.

"అయ్యో, అది విగ్రహం నాటి విందుకు దాచినా!" అన్నాను.

"ముందు కూడు పెడితే జనం ఉంటారు. ఉంటే తవ్వుతారు. నువ్వు పోయి బియ్యం కడుగు. ఈడా జనముండారు."

జనం ఆగారు. నారాయణప్ప కంప్యూటర్ ముందు టెంకాయతో నిలబడ్డాడు. మా మామ వేలు చూపిస్తే శివకుమారి నొక్కింది. నేను అన్నం వండాను, పప్పు తిరగమోత పెట్టాను, రెండుసార్లు టీ కాచాను. నడిమి గదిలోంచి నీళ్లు పడినప్పుడల్లా ఈలలు. "అల్లుడూ, ఇంకో లోటా మజ్జిగ!" అని కేకలు. మజ్జిగ పట్టుకెళ్లిన ప్రతిసారీ మా మామ ముఖం కొంచెం కొంచెం విప్పారుతోంది. అది చూశాక లోటా కడగడం కూడా హాయిగానే ఉంది.

సాయంత్రం నాలుగున్నరకు జనాభా ఐదు వందలైంది! మా అత్త లేచి నిలబడి దండం పెట్టింది. తెర మీద డోళ్లు మోగాయి. నడి ఊరి జాగాలో బోరు మళ్లీ పడింది కదా, అందుకే ఊరి బయట, చేను గట్టున, గుడ్డ కప్పిన రాతి విగ్రహం లేచింది. ఊరి బయటైతేనేం, విగ్రహం విగ్రహమే కదా! అందులోనూ ఎవరు ఎన్ని నొక్కులు నొక్కినా ఆటకు తెలిసింది ఒకే పెద్ద. ఆ పెద్ద పేరు పద్నాలుగు నెలల కిందట నా చేత్తో నేనే రాశాను. చొక్కా గుండీ పెట్టుకున్నాను. తల దువ్వుకున్నాను.

గుడ్డ జారింది. నడుముకు చెయ్యి ఆనించి ఒక ఆడమనిషి నిలబడి ఉంది. కింద పలక మీద 'శివకుమారి' అని ఉంది.

"నా పేరేమాయ?"

"మొదటి పొద్దే మార్చినా. పదవి నాదని నువ్వే గదా అంటివి? పదవి నాదై పేరు నీదుండాలంటే ఎట్లప్పా? మా చిన్నమ్మకు జరిగింది సాలు."

మా మామ విరగబడి నవ్వి, బంతిపూల దండ కంప్యూటర్ నెత్తిన వేశాడు. నారాయణప్ప టెంకాయ అక్కడే కొట్టేశాడు. నా ముఖం ఎలా ఉందో గానీ, శివకుమారికి జాలి వేసినట్టుంది.

"మొగం అట్ల పెట్టొద్దు. నీకూ ఒకటి పెడతా ఉండు" అని బొమ్మల పెట్టెలో వెతికింది. వెతికి వెతికి ఒకటి తీసి, పండిన చేను నడిమధ్యలో నాటింది. రెండు చేతులూ చాచిన బెదురుబొమ్మ. దానికీ పేరు పెట్టొచ్చట. 'హనుమేష్' అని నా కళ్ల ముందే రాసింది.

"చొక్కా కూడా అచ్చం అల్లుడిదే" అంది మా అత్త మెచ్చుకోలుగా.

ఇది జరిగి రెండు నెలలు. ఊళ్లో ఇప్పుడు ఎనిమిది వందల మంది. మా మామ రోజూ సాయంత్రం ఆరింటికి మరిచిపోకుండా ఫోన్ చేస్తాడు. "అల్లుడూ, కొర్రచేన్లో ఈపొద్దు కూడా ఒక్క గింజ పోల్యా. నువ్వంటే పిట్టలు శానా భయపడతాండాయప్పా!"

నవ్వండి మరి. మీరెన్నయినా అనండి, లోకంలో నన్ను చూసి భయపడే ప్రాణులు నాకు ఇప్పటికి దొరికాయి. రోజూ అంట్లు తోమడం అయ్యాక, శివకుమారిని అడిగి మౌస్ ఐదు నిమిషాలు తీసుకుని, వాటిని ఒకసారి చూసి వస్తున్నాను.